‘నిన్న’ అనే మాట ఉంటే

అశోక్‌నగర్,
జూన్ 9

జగదీశ్వర్ సార్‌కు,

ఉత్తరం ‘ప్రియమైన’ అని మొదలుపెట్టుడు రివాజు. నా చేతికి ఆ మాట వస్తలేదు. తప్పనుకుంటే అనుకోన్రి.

నా పేరు స్వరూప. మాది జనగామ దిక్కు పల్లె. రెండేండ్ల సంది ఈడ హాస్టల్ల ఉండి సర్కారు నౌకరి పరీక్షలకు చదువుతున్న. నలుగురికి ఒక రూము. పొద్దుగాల చిక్కడపల్లి లైబ్రరీ తెరిచే యాళ్లకు పోయి లైన్ల నిలబడుత. కుర్చీ దొరికితే కుర్చీల, దొరక్కపోతే బయట గోడకానుకొని చీకటి పడేదాక చదువుత.

మీరు నన్ను ఎరుగరు. నేను మిమ్మల్ని ఎరుగుదు. ‘పోటీ పరీక్షల ఇంగ్లిష్ గ్రామర్’ మూడో ముద్రణ అట్ట మీద కోటు తొడుక్కొని ఉన్నది మీరే గద. అండ్ల మీ చిరునామ గూడ అచ్చేసిన్రు. ‘సలహాలు రాయదలచినవారు’ అని. సలహా కాదు సార్, నేను రాసేది ఫిర్యాదు.

122వ పేజీ, 37వ ప్రశ్న. ‘ఐ ... హిమ్ యెస్టర్‌డే.’ ఖాళీల ‘సా’ పెట్టాల్నా, ‘హావ్ సీన్’ పెట్టాల్నా? మీ పుస్తకంల జవాబు ‘హావ్ సీన్’. కింద వివరణ గూడ ఉన్నది: ‘నిన్న అనగా ఇటీవలి కాలము. ఇటీవల జరిగిన పనికి ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాడవలెను.’

జూనియర్ అసిస్టెంట్ పరీక్షల అదే ప్రశ్న వచ్చింది. ‘హిమ్’ ఉన్నకాడ ‘హర్’ ఉన్నది, గంతే తేడా. నేను ‘హావ్ సీన్’ పెట్టిన. పోయిన వారం లిస్టు ఏసిన్రు. మా కోటాల ఆఖరుగ నౌకరి దొరికిన మనిషికి నాకంటె ఒక్క మార్కు ఎక్కువున్నది.

ఒక్కటి, సార్.

లైబ్రరీల పెద్ద గ్రామర్ పుస్తకం తీసి చూసిన. నిన్న, పోయిన వారం, పోయినేడు, గిసొంటి గడిచిపోయిన టైము చెప్పే మాట ఉంటే సింపుల్ పాస్టే రావాలెనట. ‘ఐ సా హిమ్ యెస్టర్‌డే.’ నేను చూసిన ప్రతి పుస్తకంల అట్లనే ఉన్నది. మీ ఒక్క పుస్తకంల తప్ప.

ఏ నమ్మకంతోని అచ్చేసిన్రు? జవాబు రాయున్రి. మీ చేతి రాతతోని రాయున్రి.

ఇట్లు,
మీ పుస్తకం కొన్న మనిషి,
స్వరూప

*

నారాయణగూడ,
జూన్ 14

చిరంజీవి స్వరూపకు,

చిరంజీవి అని రాయడం మా ఇంటి పద్ధతి. నీ ఉత్తరంలో మర్యాద లేకపోయినా నా ఉత్తరంలో ఉంటుంది.

నాకు డెబ్బై నాలుగేళ్ళు. ముప్పై నాలుగేళ్ళు జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పి రిటైర్ అయినవాణ్ణి. చెవులు సరిగా వినపడవు కాబట్టి ఫోన్ పెట్టుకోలేదు. వచ్చిన ప్రతి ఉత్తరానికీ జవాబు రాస్తాను. కాని ఇంత పొగరుగా రాసిన ఉత్తరం ఇన్నేళ్ళలో ఇదే మొదటిది.

నువ్వు రూలు నేర్చుకోలేదు. జవాబు కంఠస్థం చేశావు. ఆ రెంటికీ తేడా తెలియనివాళ్ళు ఆఫీసులో కూర్చుని ఫైళ్ళు ఏం రాస్తారు? పరీక్షలో నూట యాభై ప్రశ్నలు ఉంటాయి. అన్నిటికీ సరైన జవాబు రాసి ఈ ఒక్కటే తప్పావా? మిగతా తప్పులకు ఎవరెవరికి ఉత్తరాలు రాశావు?

ఇక నా పుస్తకం సంగతి. నేను అలాంటి వాక్యం రాయలేదు. రాయను. నువ్వు కొన్నది ఏ ఫుట్‌పాత్ మీది నకిలీ కాపీయో ముందు చూసుకో. చిక్కడపల్లి లైబ్రరీకి రోజూ పోతానంటున్నావు కదా, అక్కడ 1998 నాటి మొదటి ముద్రణ ఉన్నది. అడిగి తీయించు. టెన్సుల చాప్టర్ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువు. ఒక్క తప్పు చూపించు, వచ్చి నీకు నమస్కారం పెడతాను.

కష్టపడ్డవాళ్ళకు కోపం రావడం సహజమే. ఆ కోపం పుస్తకం మీద కాక పుస్తకంలో పెడితే పైకి వస్తావు.

ఆశీస్సులతో,
జగదీశ్వర్

*

అశోక్‌నగర్,
జూన్ 20

జగదీశ్వర్ సార్‌కు,

ఈ ఉత్తరం పోస్టుల ఎయ్యలే. కిలోమీటర్ దూరానికి మీ ఉత్తరం నాలుగొద్దులు తీసుకున్నది. గన్నొద్దులు కోపం ఆపుకొనుడు నాతోని కాదు. మీ గేటుకున్న డబ్బాల ఏసి పోతున్న.

మొదలు 122వ పేజీ జిరాక్స్ చూడున్రి. దీనెంబడి పెట్టిన. నకిలీది కాదు. బాజాప్త మీ ప్రచురణకర్త ఫణికిరణ్ దుకాణంల కొన్న పుస్తకం. ముద్ర గూడ ఉన్నది.

రూలు నేర్చుకోలేదన్నరు. మా ఊరి బడిల ఎనిమిది నుంచి పది దాక ఇంగ్లిష్ టీచర్ పోస్టు ఖాళీగుండె. లెక్కల సారే వచ్చి పాఠం చదివి పోతుండె. రూలు చెప్పెటోళ్లు లేకనే గద మీ పుస్తకం కొన్నది! అండ్ల ఉన్నదే రూలనుకున్న. మందు సీస మీద రాసింది నమ్మి తాగినోన్ని ‘నువ్వు డాక్టరీ ఎందుకు చదువలే’ అని అడుగుతరా?

మీరు చెప్పినట్లే 1998 పుస్తకం తీయించిన. పొద్దుగాల కూసుంటే టెన్సుల చాప్టర్ అయ్యెవరకు మాపైంది. ఒక్క తప్పు లేదు. అసలు గట్ల చెప్పినోళ్లను నేను ఎన్నడు చూడలే. ‘తెలుగులో తిన్నాను అంటే సరిపోతుంది. ఇంగ్లిష్‌లో ఇంకొక ప్రశ్న వేసుకోవాలి. ఎప్పుడు తిన్నానో చెబుతున్నానా, లేక ఇప్పుడు నా కడుపు నిండి ఉన్నదని చెబుతున్నానా? ఎప్పుడో చెబితే సింపుల్ పాస్ట్. ఇప్పటి సంగతి చెబితే ప్రెజెంట్ పర్ఫెక్ట్.’ రెండేండ్లు కోచింగ్‌ల కూసున్నా తెల్వనిది నాలుగు వరుసల తెల్సింది.

అదయినంక మూడో ముద్రణ పక్కన పెట్టుకొని వరుసకు వరుస పోల్చిన. ఒక్క టెన్సుల చాప్టర్లనే ఇరవై ఆరు తప్పులున్నయి. అన్నీ పాత వివరణలు తీసేసి కొత్తగ కలిపిన ప్రశ్నలల్లనే. అన్నిటికి మీ పేరే.

ఇంకొకటి చెప్త, కోపానికి రావొద్దు. వచ్చినా సరే. పాత పుస్తకంల ఉదాహరణలు చూసిన. ‘ది మిల్క్ హాజ్ బాయిల్డ్ ఓవర్.’ ‘ఐ వాజ్ ఐరనింగ్ హిస్ షర్ట్ వెన్ ది కరెంట్ వెంట్.’ ‘షి హాడ్ కుక్డ్ బిఫోర్ ది గెస్ట్స్ కేమ్.’ ‘హి హాజ్ ఈటెన్. ఐ హావ్ నాట్ ఈటెన్ యెట్.’ సార్, పాలు పొంగితే తుడిచిన మనిషి రాసిన మాటలివి. అట్ట మీద కోటుతోని కూసున్న మనిషియి కావు.

ఎవరు రాసిన్రు సార్ ఆ పుస్తకం?

నా ఒక్క మార్కు ఎంత బరువో గూడ తెలుసుకోన్రి. నా బిడ్డ రాగిణికి ఏడేండ్లు. మా అత్త మాసమ్మ దగ్గర ఇడిసిపెట్టి వచ్చిన. నా భర్త నగేష్ డీసీఎం బండి నడుపుతడు. రెండేండ్లన్న మాట మీద పంపిండు. మొన్న వచ్చి హాస్టల్ గేటు కాడ నిలబడి, ‘రెండేండ్లయిపోయినయి స్వరూపా, ఇంక చాలు’ అన్నడు. ‘ఒక్క మార్కే పోయింది’ అన్న. ‘బిడ్డ నిన్ను అమ్మ అంటలేదు, పేరు పెట్టి పిలుస్తున్నది, అదెన్ని మార్కులు?’ అన్నడు. నడి బజార్ల ఇద్దరం ఒర్లుకున్నం. రాగిణిని బండిలనే కూసోబెట్టిండట. నాకు చెప్పలే. నేను చూడలే. బండి మలుపు తిరిగెటప్పుడు అద్దంల బిడ్డ కండ్లబడ్డది.

స్వరూప

*

నారాయణగూడ,
జూలై 11

స్వరూపకు,

నీ ఉత్తరం అందిన మూడు వారాలకు రాస్తున్నాను. ఆలస్యానికి కారణం బద్ధకం కాదు.

జిరాక్స్ చూశాను. ఆ పేజీ తప్పు. ఒప్పుకుంటున్నాను. అది చూసిన రోజే గొడుగు పట్టుకుని ఫణికిరణ్ దుకాణానికి నడిచి పోయాను. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు. వాళ్ళ నాయన తర్వాత వ్యాపారం వాడు చూస్తున్నాడు. కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. నేను ముట్టలేదు.

‘ఈ ప్రశ్నలు ఎవరు రాసిండ్రురా?’ అన్నాను.

‘సార్, మీ పాత పుస్తకంల నూరు ప్రశ్నలే ఉండె. ఇప్పుడు పిల్లలకు వెయ్యి బిట్లు కావాలె. పార్ట్‌టైమ్ మనుషులను పెట్టి రాయించిన’ అన్నాడు, నా చెవి దగ్గరకు వంగి, ఊరంతా వినపడేట్టు.

‘తప్పులు రాసిండ్రు.’

‘ఎవరు చూస్తరు సార్? నాలుగు పుస్తకాలు ముంగటేసుకొని ఐదో పుస్తకం చేస్తం. బజార్ల అందరియి గట్లనే ఉంటయి.’

‘అమ్మకం ఆపెయ్.’

‘ఆపుడేంది సార్? సంతకం పెట్టిచ్చిన్రు. మీ పేరుకే అమ్ముడుపోతున్నది.’

నా జన్మలో మొదటిసారి ఒకని మేజా మీది చాయ్ కప్పు విసిరి కొట్టాను. గోడకు తగిలింది. నేను సంతకం పెట్టిన తరువాత వాళ్ళు ఇష్టం వచ్చినట్టు మార్చుకుంటే నేనేం చేసేది? నా వంతు నేను అడిగి వచ్చాను. అంతకు మించి ఈ వయసులో నా వల్ల కాదు.

నువ్వు ఇష్టపడితే రోజూ సాయంత్రం ఐదు గంటలకు రా. గ్రామర్ చెబుతాను. ఏమీ ఇవ్వనక్కరలేదు.

పాత పుస్తకం ఎవరు రాశారని అడిగావు. ఆ ప్రశ్న అడిగే హక్కు నీకు లేదు. నా భార్య సులోచన పోయి ఆరేళ్ళయింది. మా ఇంటి వంటగదిలోకి చెయ్యి పెట్టి వెతకడానికి నువ్వెవరు? ఆ సంగతి మళ్ళీ ఎత్తేట్టయితే ఇక ఉత్తరాలు రాయవద్దు.

జగదీశ్వర్

*

అశోక్‌నగర్,
జూలై 24

జగదీశ్వర్ సార్‌కు,

రాయొద్దన్నరు. రాస్తున్న. ఇదే ఆఖరుది, పరేషాన్ కాకున్రి.

మీ ట్యూషన్ నాకొద్దు. నాకొక్కదానికి సాయంత్రం ఐదింటికి మంచి రూలు చెప్తరు. అదే టైముకు చౌరస్తల నూరుమంది మీ పేరు చూసి చెడ్డ రూలు కొనుక్కపోతరు. అదేం న్యాయం?

మీరు అడిగి వచ్చి ఇంట్ల కూసున్నరు. నేను కూసోలే. ఇరవై ఆరు తప్పులు, ఎదురుంగ ఇరవై ఆరు సరైన జవాబులు ఒక కాగితం మీద రాసిన. నా రూమ్మేట్ మాధురి, నేను జిరాక్సులు తీయించి అశోక్‌నగర్ హాస్టళ్ల గోడలకు, లైబ్రరీ గేటు పక్కన, టిఫిన్ బండ్ల కాడ అతికించినం. పిల్లలు గుంపులు గుంపులుగ నిలబడి రాసుకున్నరు. ఒక పిల్లగాడు నా ముంగటనే పుస్తకం తెరిచి కొట్టేసి రాసుకుంటుంటే, రెండేండ్లల్ల మొదటిసారి ఏదో ఒక పని చేసిన అనిపించింది.

మూడో నాడు ఫణికిరణ్ మా హాస్టల్ ఓనర్‌కు ఫోన్ చేసిండు. వ్యాపారం చెడగొడుతున్నరు, కేసు పెడ్త అని. ఓనరమ్మ భయపడి నన్ను పిలిచి, ‘అమ్మా, నెల ఆఖరుకు ఖాళీ చెయ్యి’ అన్నది. మాధురిని ఉండనిచ్చింది, అన్నీ నేనే చేసిన అని చెప్పిన గనుక. చూసిన్రా సార్? పేరు మీది, కొట్లాట నాది.

పోయేముందు ఒక నిజం చెప్పి పోత. లేకపోతే మీకూ నాకూ తేడా ఉండదు.

పరీక్షల ఆ ప్రశ్న కాడ నా పెన్ను మొదలు ‘సా’ మీదికే పోయింది. రెండేండ్లు లైబ్రరీల ఇంగ్లిష్ పేపర్ చదివిన చెవి నాది. ‘ఐ సా హర్ యెస్టర్‌డే’ అని లోపట అనుకుంటే మంచిగనే వినబడ్డది. జవాబు కాగితం మీద ఆ గుండ్రం నింపబోయిన. అప్పుడు మీ 122వ పేజీ యాదికొచ్చింది. పల్లెటూరిదానికి ఏం తెలుసు, ఫోటో అచ్చేసుకున్న సార్‌కు తెల్వదా అనుకొని చెయ్యి ఎనుకకు తీసిన. నాకు తెలిసిన దానిని నేనే కొట్టేసుకున్న. మీ మీద ఉన్న కోపంల సగం నా మీదిదే. కని ఆ సగం పోను మిగిలింది మీదే, సార్. అది మీకే ఇడిసిపెట్టి పోతున్న.

సులోచనమ్మగారి సంగతి నాకు తెల్వదు. నేను వంటగదిల చెయ్యి పెట్టలే. ఆమెనే పుస్తకంల పెట్టిపోయింది. నేను చదివిన, గంతే.

సెలవు,
స్వరూప

*

నారాయణగూడ,
సెప్టెంబర్ 3

ప్రియమైన స్వరూపకు,

ఈ ఉత్తరం మీ ఊరికి పంపిస్తున్నాను. చిరునామా మాధురి ఇచ్చింది. నీ ఉత్తరం చదివిన మర్నాడు హాస్టల్‌కు పోయాను. నువ్వు అప్పటికే వెళ్ళిపోయావు. గోడకు నీ కాగితం సగం చింపి ఉన్నది. మిగిలిన సగం అక్కడ నిలబడి చదివాను. పదమూడు జవాబులు. వాటిలో నాలుగు నాకు తెలియవు, స్వరూపా.

అవును. నాకు తెలియవు.

నేను కాలేజీలో పద్యమూ వచనమూ చెప్పాను. గ్రామర్ పాఠం ఉన్న రోజు ముందటి సాయంత్రమే సులోచనను అడిగి నోట్సు రాసుకుని పోయేవాణ్ణి. ఆమె ఇక్కడే హైస్కూల్‌లో టీచర్. ఇరవై ఏళ్ళు పిల్లలు చేసే తప్పులన్నీ ఒక్కొక్కటే రాసిపెట్టుకుని ఆ పుస్తకం రాసింది. నేను ఒక్క వాక్యం రాయలేదు.

ఫణికిరణ్ నాయన వచ్చి ముందు గదిలో కూర్చుని రాతప్రతి తిరగేశాడు. ‘బ్రహ్మాండంగ ఉన్నది. కని హైస్కూల్ టీచరమ్మ పేరు పెడితే ఎవరు కొంటరు సాబ్? లెక్చరర్ సాబ్ పేరు పెడదాం’ అన్నాడు. సులోచన చాయ్ ట్రే పట్టుకుని గడపలో నిలబడి ఉన్నది. నేను ఆమె వైపు చూశాను. ‘పెట్టుకోండి’ అన్నది. ఎంత సులభంగా ఒప్పుకున్నది అనుకున్నాను. ఒప్పుకోవడం కాదని అప్పుడు తట్టలేదు. తట్టనివ్వలేదు.

మొదటి కాపీ ఇంటికి వచ్చిన రోజు ఆమె దానికి ఖాకీ కాగితంతో అట్ట వేసింది, బడి పుస్తకానికి వేసినట్టు. పుస్తకం మీద ఎంత ప్రేమ అని మా చుట్టాలకు కూడా గొప్పగా చెప్పాను. మొన్న స్టీల్ అల్మారీ తెరిచి ఆ అట్ట విప్పాను. కింద నా పేరు కొత్తగా మెరుస్తూ ఉన్నది. ఆమె దాన్ని ఇరవై ఏళ్ళు కంట పడకుండా కప్పిపెట్టింది. నాకు అప్పుడు అర్థమయింది.

ఇంకొక అబద్ధం కూడా చెప్పాను నీకు. సంతకం తరువాత మార్చారని రాశాను. కాదు. మూడో ముద్రణ ప్రూఫులు నా దగ్గరికే వచ్చాయి. ఆ ముప్పై ఏడో ప్రశ్న దగ్గర నేను ఆగాను. ఏదో తేడా కొట్టింది. అడగడానికి సులోచన లేదు. వేరేవాళ్ళను అడిగితే జగదీశ్వర్ సార్‌కు గ్రామర్ రాదని తెలిసిపోతుంది. ఆ భయానికి సంతకం పెట్టాను. నీకు తెలిసి కూడా నన్ను నమ్మి కొట్టేసుకున్నావు. నేను తెలియక, తెలియదని చెప్పుకోలేక సంతకం పెట్టాను. నిన్ను కంఠస్థం చేశావని తిట్టినవాణ్ణి నేను.

ఈ నెలన్నరలో చేసిన పనులు చెబుతాను. మెచ్చుకోమని కాదు, నీకు తెలియాలి గనుక. వకీలు చేత ఫణికిరణ్‌కు నోటీసు పంపాను. నా పేరు, ఫోటో తీసెయ్యమని, ఆ పుస్తకం నా రచన కాదని. వాడు పరుగెత్తుకొచ్చాడు. ‘సార్, మీ ఇజ్జత్ మీరే తీసుకుంటున్రు’ అన్నాడు. ‘నాది కాని ఇజ్జత్ ఇరవై ఎనిమిదేళ్ళు వాడుకున్నాను, వాపస్ చేస్తున్నా’ అన్నాను. చౌరస్తాలోని దుకాణాల నుంచి కాపీలు తెప్పించుకున్నాడు. మీ ఓనరమ్మకు ఫోన్ చేయించి, స్వరూప మీద కేసూ గీసూ లేదని వాని నోటితోనే చెప్పించాను.

తరువాత లైబ్రరీకి పోయాను. బయట చదువుకుంటున్న పిల్లల మధ్య నిలబడి సంగతంతా గట్టిగా చెప్పాను. ఎవరో నవ్వారు. ఒకడు లేచి, ‘ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే సార్? మాలో ఎంతమందిమి మీ పుస్తకం మీద పరీక్ష రాసినమో తెలుసా?’ అని కేకలేశాడు. నాకు స్పష్టంగా వినపడింది. చెయ్యి పట్టుకుని నీడలో కూర్చోబెట్టింది కూడా వాడే.

సులోచన నోటు పుస్తకాల నుంచి టెన్సుల భాగం తీసి, చిక్కడపల్లిలో ఒక చిన్న ప్రెస్సులో పుస్తకంగా వేయించాను. రచయిత్రి పేరు దగ్గర ఆమె పేరు ఉన్నది. దీంతో పాటు ఒక కాపీ పంపుతున్నాను. నీ మార్కు నేను తెచ్చి ఇవ్వలేను. రాగిణి బండిలో కూర్చున్న ఆ రోజును కూడా తెచ్చి ఇవ్వలేను. క్షమించమని అడగను. నీ కోపం నీ దగ్గరే ఉండనీ, అది చాలా మందికి పనికొచ్చింది. మొదట నాకు.

ఇట్లు,
సులోచన భర్త,
జగదీశ్వర్

*

జనగామ దిక్కు నుంచి,
సెప్టెంబర్ 15

జగదీశ్వర్ సార్‌కు,

మీ ఉత్తరం పొలం గట్టు మీద కూసొని చదివిన. చదివి లేచి నీళ్ల మోటరు బందు పెట్టుడు మరిచి పోయిన. మడి పొంగి నీళ్లు పక్కోళ్ల చేన్లకు పోయినయి. మా అత్త తిట్టింది. అది గూడ మీ లెక్కలనే రాసుకోన్రి.

క్షమించుమని అడగనన్నరు, మంచిదైంది. నాకు చేతనైతలేదు. ఆమె ఆరేండ్ల కిందటి దాక బతికే ఉండె గద సార్. అప్పుడు చెప్తే ఒక్క మాటతోని అయిపోతుండె. ఇప్పుడు లైబ్రరీ అంత వినేటట్లు మొత్తుకున్నా ఆమెకు వినబడదు. ఇది తల్సుకుంటే నాకు మల్ల కోపమొస్తున్నది. ఆమెను నేను ఒక్కసారి గూడ చూడలే, అయినా వస్తున్నది.

ఇంటి సంగతి. రాగిణి ఇప్పుడు అమ్మ అంటున్నది. పేరు గూడ పెట్టి పిలుస్తది, కోపమొచ్చినప్పుడు. నా తీరే వచ్చింది. నగేష్ పదొద్దులు నాతోని మాట్లాడలే. గోడల మీద కాగితాలు అంటిచ్చిన సంగతి మాధురి ఫోన్ల చెప్పిందట. ఆ మాపున బండి కడుక్కుంట, ‘నువ్వు కొట్లాడేదేదో నౌకరి కొరకు అనుకున్న. పక్కోళ్ల మార్కుల కొరకు గూడ కొట్లాడినవా?’ అన్నడు. నేను బకెట్ల నీళ్లు అందిచ్చిన. బండి తుడుచుకుంట ‘వచ్చే పరీక్ష ఎప్పుడు?’ అని అడిగిండు. ఈసారి బిడ్డను గూడ తోల్కపొమ్మన్నడు. నల్లకుంటల ఒక రూము కిరాయికి చూడమని మాధురికి చెప్పిన.

ఇగ పుస్తకం. అట్ట మీద ‘సులోచన’ అని చూసి ఏలుతోని ఆ అక్షరాలు తడిమిన. ఆ కిందనే చిన్న అక్షరాలతోని ‘సంపాదకుడు: జగదీశ్వర్’! మీకు సిగ్గు లేదా అనుకున్న. పుస్తకం గోడకేసి కొడుదామన్నంత కోపమొచ్చింది. మల్ల తెరిచి మొత్తం చదివిన. కామాలు, ఫుల్‌స్టాపులు, ఒక్కొక్కటి భూతద్దం పెట్టి చూసినట్లే ఉన్నది. ఈసారి మీరు నిజంగనే కూసొని పని చేసినట్లు అర్థమైంది. సరే, ఉండనియ్యున్రి ఆ మాట. ఇంకింత చిన్నగ చెయ్యున్రి.

కని నలభై ఎనిమిదో పేజీ తెరువున్రి. కింది నుంచి మూడో వరుస. అమ్మగారి ఉదాహరణ అది. ‘ఐ హావ్ రిటెన్ దిస్ బుక్ మైసెల్ఫ్’ అని ఉండాలె. ‘ఐ హావ్ రోట్’ అని పడ్డది. పుస్తకం మొత్తంల ఇదొక్కటే తప్పు. ఇది కచ్చితంగ మీదే. ఆమె రాయదు.

వేరే ఏ వాక్యమైనా పోనీ అనేదాన్ని. ఇది పోనియ్య. ప్రెస్సోళ్లను ఆగుమనున్రి. ఈ ఉత్తరం రేపు నగేష్ మీ గేటు డబ్బాల ఏస్తడు. ఎల్లుండి పొద్దుగాల పది గొట్టంగ చిక్కడపల్లి ప్రెస్సు కాడికి వస్తున్న. మీరు గూడ రాన్రి. ఇద్దరం కూసొని అచ్చయిన కాపీలన్నిట్ల ఆ ఒక్క మాట చేత్తోని దిద్దుదాం.

స్వరూప